ర్యాంకుల నేలపై ప్రశ్నల చదువు

విజయవాడ ఏలూరు రోడ్డులోని పుస్తకాల దుకాణాల్లో పోటీ పరీక్షల గైడ్లు గుట్టలుగా పేర్చి ఉంటాయి. విద్యాశాస్త్రం గైడు తెరిస్తే ఒక బిట్టు ఎదురుకావడం మామూలే: ‘బ్యాంకింగ్ విద్య’ను విమర్శించినవారు ఎవరు? కింద నాలుగు పేర్లు, చివరి పేజీలో జవాబు. యూజీసీ నెట్ విద్యాశాస్త్రం సిలబస్‌లో సావిత్రిబాయి ఫూలేతో పాటు బ్రెజిల్ విద్యావేత్త పావులో ఫ్రెయిరీ పేరు కూడా ఉంది కాబట్టి అభ్యర్థులకు ఆ జవాబు బట్టీ పట్టక తప్పదు. విద్యార్థిని ఖాళీ ఖాతాగా, ఉపాధ్యాయుణ్ణి అందులో సమాచారం జమచేసేవాడిగా చూసే చదువును జీవితమంతా తూర్పారబట్టిన మనిషి, చివరికి తానే ఒక మార్కుగా జమ అయ్యారు. ఆయన చెప్పిన విమర్శనాత్మక విద్యకు, అంటే ఉన్న స్థితిని ప్రశ్నించడం నేర్పే చదువుకు, కాలం చెల్లిందా అని అడిగేవారు ముందు ఈ గైడును చూడాలి. ఒక ఆలోచన పాతబడటం వేరు, దాన్ని పనిచేయకుండా చేసి సిలబస్‌లో పెట్టుకోవడం వేరు.

ఫ్రెయిరీ (1921–1997) బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలోని రెసిఫే నగరంలో పుట్టారు. 1963లో ఆయన బృందం అంజికోస్ అనే చిన్న పట్టణంలో సుమారు 300 మంది శ్రామికులకు దాదాపు 40 గంటల బోధనతో చదవడం, రాయడం నేర్పింది. ఆ వేగం కన్నా వాళ్ళు పట్టిన దారి ముఖ్యం. ముందు అక్కడి జనంతో కలిసి తిరిగి, వాళ్ళ నోట తరచుగా వచ్చే, వాళ్ళ బతుకును పట్టి చూపే మాటలు ఏరుకునేవారు. ఇటుక అలాంటి మాట. పాఠం అక్షరంతో మొదలయ్యేది కాదు, బొమ్మతో మొదలయ్యేది. ఇల్లు కట్టేది ఎవరు, అందులో కాపురం ఉండేది ఎవరు అన్న చర్చ తేలాకే ఆ మాటను ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కకు వరస చెప్పేవారు. త, తె, తి, తొ, తు అన్నట్టు సాగే ఆ వరస మన గుణింతం లాంటిదే. గుణింతాలతో పెరిగిన తెలుగువారికి అందులో వింతేమీ లేదు. గుణింతానికి ముందు నడిచిన ఆ చర్చే మన బడులకు కొత్త.

అప్పటి బ్రెజిల్‌లో చదువురాని వారికి ఓటు లేదు. అంటే 40 గంటల్లో చదువు వస్తే 40 గంటల్లో ఒక కొత్త ఓటరు తయారైనట్టే. భూస్వాములకు ఈ లెక్క అర్థం కావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1964లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్నాక దేశవ్యాప్త అక్షరాస్యతా కార్యక్రమం ఆగిపోయింది. ఫ్రెయిరీ సుమారు 70 రోజులు జైల్లో ఉండి, ఆపై ప్రవాసం వెళ్ళారు. ఆయనకు ప్రపంచ ఖ్యాతి తెచ్చిన పుస్తకం ‘పెడగాజీ ఆఫ్ ది అప్రెస్డ్’ (పీడితుల విద్యాశాస్త్రం) 1968లో, చిలీలో ఉండగా పూర్తయింది. వర్ణవివక్ష పాలనలోని దక్షిణాఫ్రికా దాన్ని నిషేధించింది. అమెరికాలోని టూసాన్ నగరంలో 2012లో మెక్సికన్ అమెరికన్ చరిత్ర పాఠాలు ఆపించినప్పుడు తరగతుల నుంచి తీసేసిన పుస్తకాల్లో అదీ ఉంది. అదే ఏడాది బ్రెజిల్ ఆయనను తమ దేశ విద్యకు ఆదర్శమూర్తి (పేట్రన్)గా చట్టం ద్వారా గుర్తించింది. 2018 నాటికి అధ్యక్ష పదవికి పోటీపడుతున్న బోల్సనారో, మంటలు చిమ్మే యంత్రంతో విద్యాశాఖలోకి వెళ్ళి ఫ్రెయిరీని వెళ్ళగొడతానని బహిరంగంగా అన్నారు. పాతబడిన ఆలోచన మీద ఎవరూ ఇంత కోపం ఖర్చుపెట్టరు.

ఫ్రెయిరీ చెప్పినదాని సారం పెద్ద పెద్ద పదాలు లేకుండానే చెప్పవచ్చు. చదువు ఎప్పుడూ ఎవరో ఒకరి పక్షాన ఉంటుంది. ఉన్న స్థితిని సహజమని నమ్మించే చదువు ఒకటి, అది మనుషులు చేసిందే కాబట్టి మనుషులు మార్చగలరని చూపించే చదువు మరొకటి. రెండో రకం చదువు ఉపన్యాసంతో రాదు, ప్రశ్నతోనూ సంభాషణతోనూ వస్తుంది. ఉపాధ్యాయుడు తానూ నేర్చుకునేవాడు కావాలి.

ఈ మాటలు కృష్ణా, గుంటూరు ప్రాంతానికి పరదేశం నుంచి దిగిన కొత్త సరుకు కాదు. శూద్రులకు, అతిశూద్రులకు చదువు అందకపోవడమే బానిసత్వానికి వేరని జోతిరావు ఫూలే పందొమ్మిదో శతాబ్దంలోనే చెప్పారు. అంబేడ్కర్ చదువును, పోరాటాన్ని, సంఘటితం కావడాన్ని ఒకే వాక్యంలో చేర్చారు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. గ్రంథాలయమంటే పుస్తకాల బీరువా మాత్రమే కాదని, చదవడం రానివారికి పత్రిక చదివి వినిపించే చోటు, రాత్రి బడి నడిచే చోటు కూడానని ఆ ఉద్యమం భావించింది. 1935లో పాతూరి నాగభూషణం కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. గుంటూరులో ఉన్నవ దంపతులు స్త్రీల కోసం శారదా నికేతనాన్ని స్థాపించారు. నిడుబ్రోలులో ఎన్.జి.రంగా రైతు విద్యాలయం పెట్టారు. 1937లో అప్పటి గుంటూరు జిల్లాలోని కొత్తపట్నంలో వేసవి రాజకీయ పాఠశాల నడిస్తే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. బ్రెజిల్‌లో సైన్యం చేసిన పనిని ఇక్కడ అంతకు 27 ఏళ్ళ ముందే పోలీసులు చేశారన్న మాట.

అయితే ఈ వారసత్వాన్ని తలచుకుని మురిసిపోతే సరిపోదు. ఆ రైతు విద్యలో కూలీకి ఎంత చోటు దక్కింది? గ్రంథాలయ ఉద్యమ వెలుగు మాలపల్లి దాకా ఎంత మేరకు వెళ్ళింది? వినుకొండలో పుట్టిన జాషువా తనకు గురువులు ఇద్దరని, ఒకరు పేదరికం, మరొకరు కులమత భేదమని అన్నారు. మొదటి గురువు సహనం నేర్పితే, రెండో గురువు ఎదిరించే శక్తిని పెంచాడే తప్ప తనను బానిసను చేయలేదన్నారు. స్వయంగా ఉపాధ్యాయుడిగా పనిచేసిన కవి తన గురువుల పేర్లు చెప్పేటప్పుడు బడి ఊసే ఎత్తలేదు. విమర్శనాత్మక విద్యకు తెలుగులో ఇంతకన్నా సూటి నిర్వచనం దొరకదు.

తెలుగు నేల మీద ఈ ఆలోచన నిజంగా పనిచేసి చూపిన సందర్భం ఒకటుంది. అది గుంటూరుకు దక్షిణాన, నెల్లూరు జిల్లాలో జరిగింది. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, ఉపాధ్యాయులు, ఊళ్ళలోని చదువుకున్న యువతీయువకులు రాత్రి తరగతులు చెప్పారు. వాచకంలోని పాఠాలు ‘అమ్మ, ఆవు’ దగ్గర ఆగలేదు. కూలి డబ్బు సారాకు పోవడం, తాగివచ్చిన భర్త కొట్టడం, ఇల్లు గడవకపోవడం వాచకంలోకి కథలుగా వచ్చాయి. సీతమ్మ అనే స్త్రీ కథ చదివిన ఆడవాళ్ళు అందులో తమను చూసుకున్నారు. దూబగుంటలో ఆడవాళ్ళంతా కలిసి ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ సంగతి తరువాతి వాచకంలో పాఠమైంది. దాన్ని చదివిన పక్క ఊళ్ళ ఆడవాళ్ళు సారా దుకాణాల మీదికి కదిలారు. జీవితం పాఠంగా మారి, ఆ పాఠం మళ్ళీ జీవితంలోకి వెళ్ళడం మన కళ్ళముందే జరిగింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. ప్రభుత్వ ఖజానాకు ప్రధానమైన రాబడి ఒకటి, అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళ మాటకు ఆగిపోయింది.

తరువాత జరిగిందీ చూడాలి. 1997లో నిషేధాన్ని సడలించారు. కూడి ప్రశ్నించడం నేర్చిన స్త్రీల గుంపులు క్రమంగా పొదుపు సంఘాలయ్యాయి. పొదుపు మంచిదే, ఎన్నో ఇళ్ళను అది నిలబెట్టింది. కానీ సారా ఎందుకు అమ్ముతున్నారని అడిగిన సమావేశంలో ఇప్పుడు ఈ నెల వాయిదా కట్టారా అన్న ప్రశ్నే మిగిలింది. అడిగేవారే మారిపోయారు. ఉద్యమాన్ని పథకంగా మార్చడంలో మన ప్రభుత్వాలది అందెవేసిన చెయ్యి.

ఇక అప్పటి గుంటూరు జిల్లా వైపు చూస్తే, చదువు దానంతట అదే సమానత్వం తెస్తుందన్న నమ్మకాన్ని చుండూరు కుదిపేసింది. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితులను చంపి, కొందరి శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. అంతకు కొన్ని వారాల ముందు చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు సినిమా హాల్లో అగ్రవర్ణ యువకుడికి తగిలిందన్న గొడవతో కక్ష రాజుకుంది. చుండూరు వెనుకబడిన మారుమూల పల్లె కాదు. రైల్వే స్టేషన్ ఉన్న ఊరు, తెనాలికి దగ్గర. దళితవాడలో పట్టాలు అందుకున్నవారు, ఉద్యోగాలు చేసేవారు ఉన్నారు. వాళ్ళు తలవంచి నడవడం మానేశారు. చదువు వాళ్ళకు చేయవలసిన పని చేసింది. అవతలి పక్షం వాళ్ళూ బడికి వెళ్ళినవాళ్ళే. పక్కన కూర్చున్నవాడు తనతో సమానమని ఆ బడి వాళ్ళకు నేర్పలేదు. కులం ఊసెత్తకుండా సంధులు, సమాసాలు, త్రికోణమితి చెప్పి పంపింది.

కేసును విచారించిన ప్రత్యేక న్యాయస్థానం చుండూరులోనే కొలువుతీరి 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది. ఇంత జరిగిన ప్రాంతంలో ఒక పిల్లవాడు ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివినా తన ప్రాంత చరిత్రలోని ఈ ఘట్టం గురించి తరగతిలో నోరు విప్పే అవకాశం దొరకదు. పీడితుడి విముక్తిలోనే పీడకుడి విముక్తి కూడా ఉందని ఫ్రెయిరీ రాశారు. ఈ మాటను మనవాళ్ళు సగమే పట్టించుకున్నారు. విముక్తి విద్య అనగానే పేదలకు, దళితులకు చెప్పవలసినదేదో అనుకుంటారు. నిజానికి పెత్తనం అలవాటైన ఇంటి పిల్లలకే ఆ పాఠం ముందు కావాలి. వర్గం గురించి అంత లోతుగా ఆలోచించిన ఫ్రెయిరీకి కులం అనుభవంలో లేదు. అంటరానితనాన్ని అర్థం చేసుకోవాలంటే మళ్ళీ ఫూలే, అంబేడ్కర్‌ల దగ్గరికే రావాలి.

ఇవన్నీ అటుంచి, ఈ ప్రాంతం దేశానికి ఎగుమతి చేసిన చదువు మరొకటి ఉంది. విజయవాడ, గుంటూరుల నుంచి బయల్దేరిన ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కళాశాలల నమూనా అది. ఫలితాలు రాగానే బెంజి సర్కిల్ చుట్టుపక్కల ఫ్లెక్సీల మీద ర్యాంకులు, వాటి పక్కన పాస్‌పోర్టు ఫొటోలు. నగరం శివారు హాస్టళ్ళలో తెల్లవారుజామున మొదలయ్యే స్టడీ అవర్లు రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి. వారం వారం పరీక్ష, పరీక్ష ముగియగానే మార్కుల వరుస, ఆ వరుసను బట్టి సెక్షన్ల మార్పిడి. పై సెక్షన్‌కు మంచి అధ్యాపకులు, కింది సెక్షన్‌కు మిగిలినవారు. ఫీజు మాత్రం కింది సెక్షన్ వాళ్ళ నుంచే ఎక్కువ, ఎందుకంటే పైవాళ్ళకు రాయితీలు. కింది సెక్షన్ తల్లిదండ్రుల సొమ్ముతో పై సెక్షన్ ర్యాంకు తయారవుతుంది, ఆ ర్యాంకును చూసి మరుసటి ఏడు మళ్ళీ కింది సెక్షన్ నిండుతుంది. పదిహేడేళ్ళ పిల్లవాడు ఈ లెక్కను అర్థం చేసుకోగలడు. కానీ ఎంపీసీలో అది సిలబస్‌లో లేదు.

జమచేసే చదువు ఇంత శుద్ధమైన రూపంలో ఫ్రెయిరీ ఊహకు కూడా అంది ఉండదు. ఇక్కడ ప్రశ్న అడగడం తప్పు కాదు, కాలం వృథా. సందేహ నివృత్తికి కూడా ఒక గంట కేటాయిస్తారు, కానీ సందేహం లెక్కలోదై ఉండాలి. ఈ కళాశాలల్లో ఆత్మహత్యలపై ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2001లోనే నీరదా రెడ్డి కమిటీని వేసింది. ఆపైనా కమిటీలు వచ్చాయి, సిఫారసులు వచ్చాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2021, 2022లలో దేశం మొత్తం మీద ఏటా 13 వేలకు పైగా విద్యార్థులు ప్రాణం తీసుకున్నారు. పిల్లలకు మనోధైర్యం నూరిపోయాలన్న సలహా ప్రతిసారీ వినబడుతుంది. పిల్లల్లో ధైర్యం లేదనడం తేలిక. పద్ధతిలో తప్పుందనాలంటే ఫీజు కట్టిన తల్లిదండ్రులు, అనుమతి ఇచ్చిన ప్రభుత్వం, ప్రకటనలు వేసిన పత్రికలు అందరూ జవాబు చెప్పవలసి వస్తుంది.

ఇంతవరకు వచ్చి ర్యాంకును తిట్టి ఊరుకునేవారు చాలామంది ఉన్నారు. అది కడుపు నిండినవాడి విమర్శ. అర ఎకరం అమ్మి, లేదా బంగారం కుదువపెట్టి పిల్లను కోచింగ్‌కు పంపిన కౌలు రైతుకు ర్యాంకు అంటే పిచ్చి కాదు, తనకు కనిపించిన ఒకే ఒక దారి. 1972లో తాడికొండలో ప్రభుత్వ గురుకుల పాఠశాల మొదలైనప్పుడు పల్లె పిల్లలకు వసతితో మంచి చదువన్న ఆలోచన ప్రజల సొమ్ముతో నడిచింది. అలాంటి బడులను ప్రభుత్వం ఊరూరా పెంచి ఉంటే ప్రైవేటు హాస్టళ్ళకు ఇంత గిరాకీ ఉండేది కాదు. మార్కులు, ఇంగ్లిషు, లెక్కలు పేద పిల్లలకు ఇవ్వకుండా చైతన్యం మాత్రమే ఇస్తామనడం ఇంకో రకం మోసం.

ఇంగ్లిషు మాధ్యమం గొడవలో ఇది స్పష్టంగా బయటపడింది. 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మాధ్యమం ప్రవేశపెడుతూ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. తెలుగు కోసం గొంతెత్తిన పెద్దల్లో చాలామంది తమ పిల్లలను ఇంగ్లిషు బడులకే పంపారని దళిత, బహుజన రచయితలు ఎత్తిచూపారు. ఆ మాటకు ఇప్పటికీ సరైన జవాబు రాలేదు. అటువైపు ఫ్రెయిరీ అనుభవం కూడా ఒకటుంది. 1970ల రెండో సగంలో, కొత్తగా స్వాతంత్ర్యం పొందిన గినీ బిస్సావులో ఆయన అక్షరాస్యతకు సాయం చేశారు. అక్కడి ప్రభుత్వం పాత వలస పాలకుల భాషైన పోర్చుగీసులోనే చదువు చెప్పాలని నిర్ణయించింది. పొలంలో ఎవరూ మాట్లాడని భాషలో పెద్దవాళ్ళకు అక్షరాలు అబ్బలేదు, కార్యక్రమం విఫలమైంది. అక్కడి విమోచన నాయకుడు కాబ్రాల్ పోర్చుగీసును ప్రపంచంతో మాట్లాడే పనిముట్టుగా చూశారు. అది తప్పు కాదు. ఆ పనిముట్టు చేతికి వచ్చేదాకా పిల్లవాడు ఏ భాషలో ప్రశ్న అడగాలన్నదే అసలు సమస్య. అర్థం కాని భాషలో కూర్చున్న పిల్లవాడు మొదట పోగొట్టుకునేది ప్రశ్నే. ఇంగ్లిషు బాగా నేర్పడం, ఇంటి భాషలో ఆలోచించనివ్వడం రెండూ ఒకే బడిలో సాధ్యమే. అయితే దానికి ఖర్చవుతుంది, వివాదానికి ఖర్చుండదు.

పరీక్షలను మార్చే ప్రయత్నాలూ జరిగాయి. పదో తరగతిలో నిరంతర సమగ్ర మూల్యాంకనం తెచ్చి, సొంతంగా ఆలోచించి రాసే ప్రశ్నలు పెట్టారు. కొద్ది నెలల్లోనే సొంతంగా ఆలోచించి రాసిన జవాబులతో గైడ్లు బజారులోకి వచ్చాయి. ప్రాజెక్టు పనులకు కేటాయించిన 20 అంతర్గత మార్కులను ప్రైవేటు బడులు ఉదారంగా పంచిపెట్టడంతో, 2019లో ప్రభుత్వం వాటిని ఎత్తేసింది.

అయినా సిలబస్ లోపలే చేయగలిగింది చాలా ఉంది. ఎనిమిదో తరగతి లెక్కల్లో శాతాలు, లాభనష్టాలు ఉంటాయి. అందులో ఎప్పుడూ ఒక దుకాణదారు ఫ్యాను కొని రాయితీకి అమ్ముతుంటాడు. గుంటూరు చుట్టుపక్కల బడిలో ఆ ఫ్యాను పక్కనపెట్టి మిర్చి యార్డు తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్కల చీటీ) ఒకటి నల్లబల్ల మీద రాస్తే ఏమవుతుంది? ఎన్ని టిక్కీలు (బస్తాలు), తూకం ఎంత, క్వింటా ధర ఎంత, కమిషన్ ఎంత, హమాలీ ఎంత, మచ్చు కింద పోయిన కాయలెన్ని, చేతికి వచ్చింది ఎంత. శాతాలన్నీ ఇందులోనే ఉన్నాయి. తరువాత పెట్టుబడి అప్పుకు వడ్డీ కడితే చక్రవడ్డీ పాఠం కూడా అయిపోతుంది. కౌలు తీసేస్తే రుణసంఖ్యలూ వస్తాయి. ఆ దశలో ఏదో ఒక పిల్ల అడుగుతుంది: సరుకు మనదైతే ధర వాళ్ళెందుకు చెబుతారు? 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకిచ్చే సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని సమ్మతి కావాలి, మరి ఆయన సంతకం పెట్టకపోతే ఏం చేయాలి? వీటికి ఉపాధ్యాయుడి దగ్గర తయారు జవాబు లేకపోవచ్చు, ఉండనవసరం లేదు. మర్నాడు పిల్లలు ఇంట్లో అడిగి వస్తారు, యార్డులో పనిచేసే తండ్రి ఉన్నవాడు ఇంకో సంగతి తెస్తాడు. శాతాలు ఎలాగూ వచ్చేస్తాయి.

ఆ తరగతిలో ఒక లోటు మాత్రం ఉంటుంది. కమిషన్ వ్యాపారి కొడుకు అక్కడ ఉండడు, అతను వేరే బడిలో ఫ్యాను లెక్క చేస్తుంటాడు. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదలకు ఇవ్వమంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2022–23లో గానీ మొదలవలేదు. సంభాషణ జరగాలంటే రెండు పక్షాలూ ఒక గదిలో ఉండాలి. అప్పులిచ్చే ఇల్లు, అప్పు తీర్చే ఇల్లు ఒకే బెంచీ మీద కూర్చోని చోట తక్‌పట్టీ పాఠం సగమే నడుస్తుంది.

ఇంకో అడ్డు ఉపాధ్యాయుల వైపు నుంచి ఉంది. కులం గురించి, కౌలు గురించి తరగతిలో మాట్లాడిన టీచరు మీద మర్నాడే ఊరి పెద్దల నుంచి ఫిర్యాదు వెళ్ళవచ్చు. ఫిర్యాదు లేకపోయినా, హాజరు నుంచి మధ్యాహ్న భోజనం దాకా యాప్‌లలో ఎక్కించే పని పీరియడ్లను మింగేస్తోంది. విజయవాడ ధర్నా చౌక్ ఉపాధ్యాయ సంఘాలను చాలాసార్లు చూసింది. పీఆర్సీ, డీఏ బకాయిలు, బదిలీలు న్యాయమైన కోరికలే. ఏ పాఠం చెప్పాలి, ఏ ప్రశ్న అడగాలి, ప్రశ్నపత్రం ఎవరు తయారుచేయాలి అన్నవి మాత్రం ఆ డిమాండ్ల పత్రాల్లో చివరి వరుసలోనైనా అరుదుగా కనిపిస్తాయి. ఉపాధ్యాయుడు తన పాఠం మీద తన హక్కు అడగనంత కాలం దాన్ని యాప్, గైడు, ఫ్లెక్సీ పంచుకుంటూనే ఉంటాయి.